64లోంచి 8: గణిత నిఘంటువును చదివే తీరు

పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్లో ఇంగ్లిష్‌కు మారినవాళ్లకు మొదటి వారాల్లోనే ఎదురయ్యే మాట ఫంక్షన్. మన ఊళ్లలో ఫంక్షన్ అంటే ఓణీల వేడుక, గృహప్రవేశం, పెళ్లి. వాటి కోసం ఫంక్షన్ హాళ్లే ఉన్నాయి. క్లాసులో ఆ మాట మొదట విన్న రోజు నేను ఇంటికొచ్చి మామూలు ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు తీస్తే పని, విధి, ఉత్సవం అని కనిపించాయి. మూడింట్లో ఒక్కటీ బోర్డు మీది లెక్కకు అతకలేదు. తర్వాత గణిత పదకోశంలో వెతికితే 'ప్రమేయం' అని దొరికింది. ప్రమేయం అంటే నాకు తెలిసింది 'ఆ గొడవలో నా ప్రమేయం లేదు' అన్నప్పటి మాటే. తెలియని మాట ఒకటి ఇచ్చి, తెలియని మాట ఇంకొకటి తెచ్చుకున్నట్టయింది.

నాకు కావలసింది ఆ మాటకు సమానార్థకం కాదు, నిర్వచనం. ఈ తేడా తెలియడానికి చాలాకాలం పట్టింది. పదకోశం ఒక భాషలోని మాటకు మరో భాషలోని మాట చెప్పి ఊరుకుంటుంది. గణిత నిఘంటువు ఆ మాట కిందికి ఏవి వస్తాయో, ఏవి రావో గీత గీసి చెబుతుంది. ఆ గీత ఎంత పదునైనదో అంకెల్లోనే చూద్దాం.

ముగ్గురు పిల్లలు, రెండు బెంచీలు ఉన్నాయనుకోండి. ఏ పిల్లవాడికి ఏ బెంచీ ఇష్టమో రాయమన్నాం. ఒకరికి రెండూ ఇష్టం కావచ్చు, ఒకరికి ఏదీ నచ్చకపోవచ్చు. పిల్లవాడూ బెంచీ కలిపి జతలు 3 × 2 = 6. ప్రతి జతకూ ఇష్టం ఉంది, లేదు అని రెండు అవకాశాలు. కాబట్టి మొత్తం 2 × 2 × 2 × 2 × 2 × 2 = 64 రకాలుగా ఆ పట్టిక రాయవచ్చు. ఈ 64నీ గణితంలో సంబంధాలు అంటారు. ఇప్పుడు ఇష్టాల సంగతి పక్కన పెట్టి అందరినీ కూర్చోబెడదాం. 'ప్రతి' పిల్లవాడూ కూర్చోవాలి, 'ఒకే ఒక్క' బెంచీ మీద కూర్చోవాలి. ఒక్కొక్కరికి 2 అవకాశాలు, ముగ్గురికి 2 × 2 × 2 = 8. ఈ 8 మాత్రమే ప్రమేయాలు.

నిర్వచనంలో 'ప్రతి', 'ఒకే ఒక్క' అనే చిన్న మాటలు రెండూ కలిసి 64లోంచి 56ను బయటికి పంపేశాయి. ఇంకొక షరతు పెడదాం: ఏ బెంచీ ఖాళీగా ఉండకూడదు. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చునే రెండు సందర్భాలూ పోయి 6 మిగులుతాయి. వాటిని సంగ్రస్త ప్రమేయాలు అంటారు. బెంచీకి ఒకరే కూర్చోవాలంటే ముగ్గురికి రెండు బెంచీలు చాలవు కనుక 0. అంటే అన్వేక ప్రమేయం ఒక్కటీ లేదు. సంగ్రస్తం, అన్వేకం అన్న మాటలు ఇంటర్ పుస్తకంలో బండరాళ్లలా కనిపిస్తాయి. 64, 8, 6, 0 అని అంకెలు పక్కన పడితే అవి కూర్చునే పద్ధతుల పేర్లేనని తెలిసిపోతుంది. గణిత నిఘంటువును ఇలా చదవాలి. మాట వెతికి పుస్తకం మూసేయకుండా, నిర్వచనంలోని ఒక్కొక్క మాటా ఎన్నింటిని లోపలికి రానిస్తోందో, ఎన్నింటిని ఆపుతోందో లెక్కపెట్టాలి.

మాట దగ్గర తప్పితే లెక్క ఎంత దెబ్బతింటుందో చూసినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ 1977లో ఆరో తరగతిలో వెనకబడిన 124 మంది పిల్లల తప్పులను పరిశీలించారు. ఒక పద సమస్య చేయడంలో 5 మెట్లున్నాయని ఆమె చూపారు: ప్రశ్నను చదవడం, అర్థం చేసుకోవడం, దాన్ని లెక్కగా మార్చడం, లెక్క చేయడం, జవాబును సరిగా రాయడం. ఆ పిల్లల తప్పుల్లో దాదాపు సగం మొదటి మూడు మెట్ల మీదే జరిగాయి. అంటే కూడికలో, హెచ్చవేతలో చేయి పెట్టకముందే. అలాంటి పిల్లవాడికి ఎక్కాలు మళ్లీ వల్లె వేయించి లాభం లేదు. వాడు జారిన మెట్టు వేరు.

తెలుగులో ఆ మెట్టు ఇంకాస్త నున్నగా ఉంటుంది, ఎందుకంటే మన గణిత పదాల్లో చాలావాటికి ఇంట్లో ఒక అర్థం, బళ్లో ఒక అర్థం. హారం మెడలో ఉంటుంది, భిన్నంలో కిందా ఉంటుంది. వ్యాసం పరీక్షలో రాస్తాం, వృత్తంలో గీస్తాం. వృత్తమే తెలుగు క్లాసులో ఉత్పలమాల, లెక్కల క్లాసులో గుండ్రటి గీత. అవధి, ప్రవచనం, వర్గం, పదం కూడా అంతే. కర్ణం సంగతి మరీ చిత్రం: చెవి అనే అర్థాన్ని పక్కన పెట్టినా, లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉండే భుజమూ కర్ణమే, చతుర్భుజంలో ఎదురెదురు మూలలను కలిపే గీతా కర్ణమే. ఇంగ్లిష్‌లో వీటికి రెండు వేర్వేరు మాటలు. ద్విభాషా పాఠ్యపుస్తకం చదివే పిల్లవాడు పక్క పేజీలో ఒకచోట హైపోటెన్యూస్, ఇంకోచోట డయాగొనల్ అని చూసి తికమకపడతాడు. ఒక దీర్ఘచతురస్రాన్ని మూలనుంచి మూలకు కోసి చూపిస్తే చాలు. రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి, కోసిన గీతే రెంటికీ కర్ణం. భుజాలు 3, 4 అయితే ఎటు చూసినా అది 5.

సంఖ్యల పేర్లు అంతకన్నా జాగ్రత్తగా చూడాల్సినవి. పూర్ణాంకాలు, పూర్ణసంఖ్యలు అన్న రెండు మాటలూ వినడానికి ఒక్కటే. పాఠ్యపుస్తకంలో కావు. సున్నా నుంచి మొదలై 1, 2, 3 అంటూ పోయేవి పూర్ణాంకాలు. రుణ సంఖ్యలు కూడా కలిస్తే పూర్ణసంఖ్యలు. −3 నుంచి 3 దాకా రాసి చూస్తే పూర్ణసంఖ్యలు 7, అందులో పూర్ణాంకాలు 4, సహజ సంఖ్యలు 3. 'ఎన్ని ఉన్నాయి?' అని అడిగితే ఒక్క మాట తేడాతో జవాబు 7 నుంచి 4కు పడిపోతుంది. అకరణీయ, కరణీయ సంఖ్యల దగ్గర ఇంకో చిక్కు. కాదు అనే అర్థమిచ్చే ముక్క తెలుగులో అకరణీయానికి ముందుంది, ఇంగ్లిష్‌లో అది ఇర్రేషనల్‌కు ముందుంది. అందుకే ఇంగ్లిష్‌లోకి మారిన పిల్లలు చాలామంది అకరణీయం అంటే ఇర్రేషనల్ అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. కరణి అంటే √2 లాంటి, లెక్క తెగని మూలం అని నిఘంటువులో ఒక్కసారి చూసుకుంటే, 'కరణి కానిది' రేషనల్ వైపు ఎందుకు పడిందో ఇక మరచిపోరు.

కొన్ని మాటల పుట్టుక అలా చెబితేనే వాటి గణితం తెలుస్తుంది. వృత్తంలో ఒక ముక్కను చాపం అంటాం, దాని రెండు కొనలనూ కలిపే గీతను జ్యా అంటాం. చాపం విల్లు, జ్యా వింటినారి. బొమ్మ గీస్తే విల్లే కనిపిస్తుంది. ఆర్యభటుడు 499లో ఆర్యభటీయం రాసేనాటికి నారి మొత్తం కాకుండా అందులో సగం తీసుకోవడం లెక్కలకు అనువని తేలింది. దాన్ని అర్ధజ్యా అన్నారు, వాడుకలో జ్యా అనే మిగిలింది. ఆయన వ్యాసార్ధాన్ని 3438గా తీసుకుని 24 విలువల పట్టిక ఇచ్చాడు. మొదటి విలువ 225. 3438 ఎందుకంటే, పూర్తి వృత్తంలో 360 × 60 = 21,600 కళలు (డిగ్రీలో 60వ వంతు ఒక కళ), వృత్తం చుట్టుకొలత అంతే అనుకుంటే వ్యాసార్ధం సుమారు 3438 వస్తుంది. ఆ లెక్కలో 30 డిగ్రీల జ్యా 1719. దాన్ని 3438తో భాగించండి, సరిగ్గా సగం. ఈనాడు పదో తరగతిలో సైన్ 30 డిగ్రీలు అంటే 1/2 అని పిల్లలు కంఠతా పట్టేది దీన్నే.

జ్యాకు మరో పేరు జీవా. అరబ్బులు దాన్ని జిబా అని రాసుకున్నారు. వాళ్ల లిపిలో అచ్చుల గుర్తులు సాధారణంగా రాయరు కనుక మిగిలేవి హల్లులే. తర్వాతివాళ్లు ఆ అక్షరాలనే జైబ్ అని చదివారు. జైబ్ అంటే బట్టలో మడత, రొమ్ము దగ్గరి వంపు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవాళ్లు ఆ అర్థాన్నే తీసుకుని సైనస్ అన్నారు. అదే సైన్ అయి మన పాఠ్యపుస్తకంలోకి తిరిగివచ్చింది. ఆ జైబ్ నుంచే ఉర్దూ మీదుగా మన జేబు కూడా వచ్చింది. ఇంత తిరిగివచ్చిన మాట పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయంలో సైన్ అని, మరో అధ్యాయంలో జ్యా అని, ఒకదానికొకటి ఏమీ కానట్టు ఉండిపోయింది. త్రికోణమితి అంటే భయపడే పిల్లలకు ముందు ఆ విల్లు బొమ్మ చూపించి, నారిలో సగం కొలవమనాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు తీసుకుని మధ్యలో 60 డిగ్రీల కోణం గీస్తే నారి 10, అందులో సగం 5. స్కేలుతో కొలుచుకోవచ్చు.

నిఘంటువును కళ్లు మూసుకుని నమ్మడం కూడా కుదరదు. అది ఎప్పటిదో, ఏ దేశానిదో చూడాలి. ఇంగ్లిష్‌లో మొదటి గణిత నిఘంటువుగా చెప్పే జోసెఫ్ మాక్సన్ పుస్తకం 1679 నాటిది, ఫ్రెంచిలో జాక్ ఒజానం రాసినది 1691 నాటిది. 1795లో చార్లెస్ హట్టన్ వేసిన గణిత నిఘంటువు మరింత పేరు తెచ్చుకుంది. కానీ అందులో ట్రెపీజియం, ట్రెపిజాయిడ్ అనే రెండు మాటల అర్థాలూ పాత వాడుకకు తారుమారయ్యాయి. బ్రిటన్ కొన్నాళ్లకు పాత అర్థానికి తిరిగి వెళ్లింది, అమెరికా వెళ్లలేదు. ఫలితంగా ఒక జత సమాంతర భుజాలున్న చతుర్భుజాన్ని మన పుస్తకాలు బ్రిటన్ పద్ధతిలో ట్రెపీజియం అంటే, అమెరికాలో ట్రెపిజాయిడ్ అంటారు. శాట్, జీఆర్ఈ రాసే మన పిల్లలకు రెండు శతాబ్దాల నాటి ఆ తారుమారు ఇంకా తగులుతూనే ఉంది. తెలుగు మాట ఇక్కడ మేలు చేస్తుంది: సమలంబ చతుర్భుజం. రెండు భుజాలు సమాంతరమైతే వాటి మధ్య ఎక్కడ లంబం గీసినా పొడవు సమానం. వైశాల్యానికి కావలసిన ఎత్తు పేరులోనే ఉంది. సమాంతర భుజాలు 6, 10, ఎత్తు 4 అయితే వాటి సగటు 8ని 4తో హెచ్చవేసి 32 అనడమే.

బిలియన్ కథ ఇంకా దగ్గరిది. బ్రిటన్ ప్రభుత్వం 1974 దాకా బిలియన్‌ను 1 పక్కన 12 సున్నాలుగా లెక్కపెట్టింది, ఆ ఏడాదే 9 సున్నాలకు మారింది. మన లెక్కలో ఒకటి లక్ష కోట్లు, మరొకటి 100 కోట్లు, తేడా 1000 రెట్లు. తాతగారి కాలం నాటి నిఘంటువు ఇంట్లో ఉంటే దాచుకోండి గానీ, ఈ మాట మాత్రం అందులో చూడకండి.

ప్రధాన సంఖ్య నిర్వచనం కూడా అలా మారినదే. 'ఒకటితోనూ తనతోనూ మాత్రమే భాగింపబడేది' అని మనలో చాలామంది నేర్చుకున్నాం. ఈ వాక్యం ప్రకారం 1 ప్రధాన సంఖ్య అవుతుందా? అవుతుందని వాదించవచ్చు. 1914లో అమెరికా గణితవేత్త డెరిక్ నార్మన్ లెహ్మర్ 1 నుంచి 1,00,06,721 దాకా ప్రధాన సంఖ్యల పట్టిక అచ్చువేస్తే అందులో మొదటిది 1. ఇప్పటి నిఘంటువులు 'సరిగ్గా రెండు కారణాంకాలున్న సహజ సంఖ్య' అంటాయి. 1 నుంచి 10 దాకా కారణాంకాలు ఎన్నెన్నో రాయండి: 1, 2, 2, 3, 2, 4, 2, 4, 3, 4. రెండు అని వచ్చినవి 2, 3, 5, 7. ఒకటికి ఒక్కటే కారణాంకం, కనుక అది బయట. దాన్ని బయట పెట్టడానికి కారణం ఉంది. 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాస్తే 2 × 2 × 3, అంతే. 1ని లోపలికి రానిస్తే 1 × 2 × 2 × 3, 1 × 1 × 2 × 2 × 3 అని అంతులేకుండా రాయవచ్చు. అప్పుడు పదో తరగతి మొదట్లోనే వచ్చే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం నిలబడదు. 1 నుంచి 100 దాకా ప్రధాన సంఖ్యలు 25, సంయుక్త సంఖ్యలు 74. మిగిలిన ఒక్కటీ ఒకటే.

ఇక చదివే పని. నేను పిల్లల చేత చేయించేది మాట కొట్టివేసే ఆట. వృత్తం నిర్వచనం తీసుకోండి: ఒక తలంలో, ఒక స్థిర బిందువు నుంచి స్థిర దూరంలో ఉన్న అన్ని బిందువుల సమితి. 'ఒక తలంలో' కొట్టేస్తే అది బంతి పైపొర అయిపోతుంది. 'అన్ని' కొట్టేస్తే దిక్కుకొకటి చొప్పున నాలుగు చుక్కలు పెట్టి ఇదే వృత్తం అనవచ్చు. దూరం ముందున్న 'స్థిర' కొట్టేస్తే తలం మొత్తం లోపలికి వచ్చేస్తుంది. పది నిమిషాలు ఇలా ఆడిన పిల్లవాడు ఆ వాక్యాన్ని బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు. ఏ మాట లేకపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి పరీక్షలో తనంతట తానే కట్టుకుంటాడు.

రెండో పని, మాట వెనక మాట పట్టుకుని వెళ్లడం. వ్యాసం తెలియాలంటే జ్యా తెలియాలి, జ్యా కోసం వృత్తం, వృత్తం కోసం తలం, దూరం, బిందువు. ఇలా వెళితే ఎక్కడో ఆగాలి. సుమారు 2300 ఏళ్ల కిందట యూక్లిడ్ తన మొదటి పుస్తకాన్ని 23 నిర్వచనాలతో మొదలుపెడుతూ బిందువునూ రేఖనూ కూడా నిర్వచించబోయాడు. ఇప్పటి పాఠ్యపుస్తకాలు బిందువు, రేఖ, తలం ఈ మూడింటినీ అనిర్వచిత పదాలుగా ఒప్పుకుని అక్కడి నుంచి మొదలుపెడతాయి. పిల్లలు ఎన్ని మెట్లు దిగి ఆ మూడింటి దగ్గరికి చేరారో లెక్కపెట్టమనండి. ఎక్కువ మెట్లు దిగాల్సి వచ్చిన మాటే సాధారణంగా వాళ్లకు కష్టంగా ఉన్న మాట. లోపం ఆ మాటలో ఉండకపోవచ్చు, మూడు మెట్ల కింద ఎక్కడో ఉండవచ్చు.

సగటు లాంటి తేలిక మాటలను కూడా వదలొద్దు. ఐదుగురి రోజుకూలి 500, 500, 600, 700, 2700 రూపాయలు. అంకమధ్యమం 1000, మధ్యగతం 600, బాహుళకం 500. 'సగటు కూలీ' అని పత్రికలో రాసినప్పుడు మన మనసులో మెదిలే మనిషికి వచ్చేది 600 గానీ 500 గానీ, 1000 మాత్రం కాదు. అయిదుగురిలో నలుగురికి ఆ వెయ్యి అందడం లేదు.

ఒక 200 పేజీల నోటుపుస్తకం కొనండి. పేజీకి ఒక మాట. పేజీని నాలుగు గళ్లుగా చేసి ఒకదాంట్లో నిర్వచనం, ఒకదాంట్లో లక్షణాలు, మూడోదాంట్లో ఉదాహరణలు, నాలుగోదాంట్లో ఉదాహరణలు కానివి. ఈ నాలుగు గళ్ల పద్ధతి 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరతీ ఫ్రేయర్, ఆమె తోటివారు రూపొందించినది. నాలుగో గడే అన్నింటికన్నా విలువైనది, పిల్లలు ఖాళీగా వదిలేసేదీ అదే. పై వరుసలో తెలుగు మాట, ఇంగ్లిష్ మాట రెండూ రాయాలి. వారానికి 5 మాటలు, ఏడాదిలో 36 బడి వారాలు అనుకుంటే 180 పేజీలు. ఆరో తరగతి నుంచి పది దాకా అలా సాగితే 900 మాటలు. అన్నీ అచ్చు నిఘంటువు గానీ పాఠ్యపుస్తకం గానీ చూసే రాయాలి. సొంతంగా అల్లిన నిర్వచనం, గైడులోంచి దింపిన నిర్వచనం రెండూ ప్రమాదమే. లెక్కలు చేయకుండా ఈ పుస్తకం నింపుకుంటూ కూర్చుంటే మాత్రం అది అందమైన చేతిరాతగా మిగిలిపోతుంది. అధ్యాయంలో లెక్క ఆగినచోట పుస్తకం తీయాలి, గళ్లు నింపి మళ్లీ లెక్కలోకి పోవాలి.

సుమారు వెయ్యేళ్ల కిందటే పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలు తెచ్చింది, ఆ పదాలతోనే ఇంటర్ పుస్తకాలు తయారయ్యాయి. మాటలు మనకు ఉన్నాయి. ప్రతి మాటకూ నిర్వచనం, బొమ్మ, ఉదాహరణ, ఉదాహరణ కానిది ఇచ్చి, పక్కనే ఇంగ్లిష్ మాట చూపే నిఘంటువు ఒకటి ప్రతి ఉన్నత పాఠశాల లెక్కల గదిలో, పిల్లల చేతికి అందే అరలో ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈ పనిని తలకెత్తుకోవాలని కోరుతున్నాను. అంతదాకా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు నోటుపుస్తకంతో మొదలుపెట్టండి. మొదటి పేజీ మీద 'ప్రధాన సంఖ్య' అని రాయించి, 1 ఏ గడిలో పడుతుందో పిల్లలనే తేల్చమనండి.